గవరమ్మ కట్టెల మోపు

“అయ్యవారూ, కష్టం తీరిన మనిషి ముఖంలో సంతోషం ఎందుకు ఉండదు?” అని చిదంబరం తన గురువు అచ్యుతయ్యగారిని అడిగాడు. కొండ కింది ఊళ్లో పశువులున్న ప్రతి ఇంట్లోనూ గోబర్ గ్యాస్ పొయ్యి పెట్టించాలని ఏడాదిపాటు కాళ్లరిగేలా తిరిగినవాడు అతడే. అతడు అడిగింది ఆ ఊరి గవరమ్మ గురించే. గురువు జవాబుగా కిందటి వారం తాను చూసిన సంగతి చెప్పారు.

గవరమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు. పొగకు దగ్గి దగ్గి చిక్కిపోయిన ఆమెకు కొత్త పొయ్యి వచ్చాక దగ్గు తగ్గింది, కళ్ల మంట పోయింది. వంట ఇట్టే అయిపోయేది. మిగిలిన పొద్దంతా ఆమెతో మాట్లాడేందుకు ఇంట్లో ఎవరూ లేరు. పూర్వం ఆడవాళ్లంతా కలిసి పుల్లలకు కొండెక్కేవారు, దారి పొడుగునా కబుర్లే. ఇప్పుడు ఎవరికీ కొండతో పనిలేదు.

అయినా కిందటి వారం ఒక ఉదయం ఆమె కత్తీ తాడూ పట్టుకుని ఒక్కతే వెళ్లింది. ఎండుకొమ్మలు కొట్టి మోపు కట్టింది. తీరా చూస్తే దాన్ని నెత్తికెత్తడానికి రెండో మనిషి లేదు. మోపు పక్కనే కూర్చుని ఎదురుచూసింది. మధ్యాహ్నానికి అచ్యుతయ్యగారు ఆ దారిన వచ్చారు. ఆయన మోపు మీద చెయ్యి వేయబోతే ఆమె ఆపింది.

“తొందరేటి సామీ? కాసేపు కూకోండి. ఎత్తుదురు గాని.”

ఆయన కూర్చున్నారు. ఆమె తన చిన్ననాటి ముచ్చట్లూ, భర్త కోపతాపాలూ, మొన్న ఆవు ఈనిన వైనమూ చెప్పుకుంటూ పోయింది. ఎండ వాలాక మోపు ఎత్తించుకుని కొండ దిగింది. ఆయనా వెనకే నడిచారు. వీధి మొదట్లోనే పక్కింటి ఆదెమ్మ పరుగున వచ్చి మోపు దింపి, “గ్యాసుండగా ఈ కట్టెలేటే, నీకు మతిపోనాదేటి?” అని కేకలేసింది. చుట్టుపక్కల ఆడవాళ్లు పోగై తలో మాటా అన్నారు. గవరమ్మ చెమటైనా తుడుచుకోకుండా అందరి ముఖాలూ చూస్తూ, నవ్వుతూ నిలబడింది. కాసేపటికి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆమె మాత్రం వీధిలో అలాగే ఉండిపోయింది.

చిదంబరం నొచ్చుకుంటూ అడిగాడు.

“అయితే, ఆ పొయ్యి పెట్టించడమే నా పొరపాటా?”

“పొయ్యి ఉండనీ నాయనా,” అన్నారు అచ్యుతయ్యగారు. “ఈసారి ఆ ఇంటికి వెళ్తే మాత్రం, గుమ్మంలోంచే పలకరించి వచ్చేయకు.”