పది ముళ్ల మెడతాడు

అది కార్తీక శుద్ధ ఏకాదశి, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ. అనగనగా ఒక ఏటి రేవులో, ఒంటెద్దు బండి లాగే కోటయ్య ఎద్దు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

ఏటికి ఇటు అడవి కోటయ్యది. అటు అడవి పరాయిది. ఏ ఒడ్డు అడవిలోనైనా పరాయివాడు ముప్పై రోజుల్లో పది రోజులకు మించి ఉండకూడదని కట్టుబాటు. కాలు పెట్టిన ప్రతి రోజుకీ, రేవు కాసే కొంగమ్మ వచ్చినవాడి మెడతాడుకు ఒక ముడి వేస్తుంది.

బండి నిండా మాగిన సీతాఫలాలు. మర్నాడు ద్వాదశి పూజకి అటు అడవి స్వామికి నైవేద్యం. ఇవాళ దాటకపోతే చితికిపోతాయి.

"పది ముళ్లూ పడ్డాయి కోటయ్యా, వెనక్కి మళ్లు" అంది కొంగమ్మ.

"అదేంటమ్మా! బండి లాగింది ఏడు రోజులేగా?"

"మరి మీ బావమరిది ఇంట్లో మూడు రోజులు పెళ్లిభోజనాలు తిన్నదెవరు నాయనా? బండి లేకుండా వచ్చినా రోజు రోజే."

కోటయ్య నాలుక కరుచుకున్నాడు.

నక్క దగ్గరికొచ్చి, "రెండు ముళ్లు పళ్లతో విప్పేస్తా మామా! ఆ ముసలి కళ్లకి ఏం ఆనుతుంది?" అని గుసగుసలాడింది.

కోతి, "కింద మలుపు దగ్గర దాటెయ్, ఎవరూ చూడరు" అంది.

కోటయ్య మనసు ఒక్క క్షణం అటు లాగింది. కానీ స్వామి నైవేద్యం దొంగదారిన పట్టుకెళ్లడమా? తల అడ్డంగా ఊపాడు.

అవతలి ఒడ్డున బుచ్చన్న దున్నపోతు బెల్లం బండితో దిగాలుగా ఉన్నాడు. వాడంటే కోటయ్యకి గిట్టదు. పైగా తన సరుకు మరొకడి చేతికివ్వనని పంతం. ఈలోపు పళ్ల వాసన ఘుమఘుమా పెరిగిపోతోంది. ఇక ఉండబట్టలేక అరిచాడు.

"ఒరే బుచ్చన్నా! నీకేమొచ్చిందిరా?"

"మీ అడవిలో నా రోజులూ అయిపోయాయిరా! ఈ బెల్లం మీ సత్రానికి చేరాలి."

"కొంగమ్మా, ఏటి మధ్య ఇసుకతిన్నె ఎవరిది?" అని కోటయ్య అడిగాడు.

"ఏ అడవిదీ కాదు. అక్కడ ముడి లేదు" అని కొంగమ్మ నవ్వింది. "అడగడానికి ఇంతసేపా?"

ఇద్దరూ తిన్నె మీదికెళ్లి బండ్లు మార్చుకున్నారు.

"మెల్లగా లాగరా! ఒక్క పండు చితికినా నీ పని చెబుతా."

"నువ్వు నా బెల్లం నాకకుండా ఉంటే అదే పదివేలు!"

మర్నాడు పొద్దున్నే ఏటి అవతల గుడిగంట మోగింది. నైవేద్యం అందిందన్నమాట. కోటయ్య ఇంట్లో అందరూ తులసికోట దగ్గర దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. తరవాత అతని భార్య గోవు సుబ్బులు అతని మెడతాడుకున్నన్ని ముళ్లు వేసి దూలానికి ఓ తాడు వేలాడదీసింది.

"ఇకమీదట మా తమ్ముడింటికి విందుకి బయల్దేరేముందు, ఇక్కడ ముళ్లు చూసుకుని మరీ కదలండి!" అంది.

నీతి: కట్టుబాటుకి కన్నం వెయ్యకుండా, పంతం మాని తోటివాడిని నమ్మితే, ఆగిన బండి కదులుతుంది.