చెంపకూ చెక్కకూ మధ్య కాగితం

ఎడమవైపు వెళ్లే మట్టి బిళ్ల సుచరిత గురికి అందడం లేదు.

తిన్నగా వెళ్లేదీ కుడికి వెళ్లేదీ గాల్లోనే పిండి అవుతున్నాయి. ఎడమకు లేచింది మాత్రం చెక్కు చెదరకుండా పోయి గడ్డిలో పడుతోంది. ఇరవై అయిదు బిళ్లల రౌండులో పగిలేవి పద్దెనిమిదే. నిన్నా అంతే, మొన్నా అంతే.

రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు తొమ్మిది రోజుల్లోకి వచ్చాయి. ఎగిరే బిళ్లలను తుపాకీతో కొట్టే ఈ ట్రాప్ ఆటలో ఆడవాళ్ల జట్టుకు చోట్లు మూడు. కిందటేడు ఒక్క బిళ్ల తేడాతో ఆమె నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఈసారీ రాకపోతే తుపాకీ బీరువాలో పెట్టి ఉద్యోగం చూసుకుంటానని ఇంట్లో తనే మాటిచ్చింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

అందుకే తుపాకీ మీద పడింది. చెంప ఆనించే చెక్కను స్క్రూలు తిప్పి ఓ మిల్లీమీటరు పైకి లేపింది, మర్నాడు రెండు మిల్లీమీటర్లు దింపింది. సీసం గుళ్లు దగ్గరగా వెళ్లాలా, చెదిరి వెళ్లాలా అని గొట్టాల చివర బిగించే చోకులు నాలుగు రకాలు మార్చింది. మూడు కంపెనీల తూటాలు వాడి చూసింది. నారింజ రంగు కళ్లద్దాలు తీసి ఊదా రంగువి పెట్టుకుంది.

"సుచీ, ఇయ్యాల తుపాకీ నిన్నటిదేనా?" అన్నాడు పక్క బెంచీ మీది ప్రద్యుమ్న. మగవాళ్ల జట్టులో నిరుడే చోటు సంపాదించినవాడు. "మార్చనిది నీ పేరొక్కటే మిగిలింది."

"నీకు నవ్వులాటగానే ఉంటది," అంది తలెత్తకుండా. చేతిలో స్క్రూలు తిప్పే పానా ఉంది.

షూటింగ్ రేంజ్‌లో అందరూ ఉస్తాద్ అని పిలిచే ఖలీలుల్లా సాహెబ్ అప్పుడే టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నలభై ఏళ్లు తుపాకులు బాగుచేసిన చేతులు. సుచరిత తుపాకీ చెక్కను ఆమె భుజానికీ చెంపకూ సరిపోయేలా చెక్కింది ఆయనే. మాటలు తక్కువ.

సుచరిత సంచీలోంచి ఓ కాగితం తీసి చూపించింది. విదేశాల్లో జరిగిన పెద్ద పోటీలో ఫైనల్‌కు చేరిన ఆరుగురి తుపాకుల వివరాలు. చెక్క ఎంత ఎత్తు, ఏ చోకు, గొట్టాల పొడవెంత, అన్నీ ఉన్నాయి.

"ఆరుగురివి ఆరు తీర్లున్నయ్ ఉస్తాద్. ఆరూ చూసిన. ఏది పెట్టుకోవాలె నేను?"

ఆయన కాగితం మొత్తం చదివాడు. తొందరపడలేదు.

"ఈ ఆరుగురిలో నువ్వెవరు బిడ్డా?"

సుచరిత ముఖం ఎర్రబడింది. ప్రద్యుమ్న నవ్వబోయి, ఉస్తాద్ వైపు చూసి మానుకున్నాడు.

ఆయన పానా తీసుకుని, చెక్కను తాను మొదట బిగించిన గీత దగ్గరికి తెచ్చాడు. తెల్ల రంగు వేసిన ఇనుప రేకు ముందు ఆమెను నిలబెట్టి ఒక్కసారి కాల్పించాడు. గుళ్ల మచ్చలు ఆమె గురిపెట్టిన చుక్క చుట్టూ గుమ్మడికాయంత వలయంలో పడ్డాయి.

"తుపాకీకి జబ్బు లేదు," అని, పానా తన జేబులో వేసుకున్నాడు.

తర్వాత కాల్చే చోటికి నడిచారు. ముందు గోతిలో ఉన్న యంత్రం షూటర్ కేక వినగానే బిళ్లను విసురుతుంది. ఎటు విసురుతుందో ముందు తెలియదు. సుచరిత తుపాకీ భుజానికి ఆనించి, చెంప చెక్కకు చేర్చింది. ఉస్తాద్ ఆ ఆరుగురి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చెంపకూ చెక్కకూ మధ్య దోపాడు.

"ఇది పడొద్దు. అంతే."

మొదటి బిళ్ల తిన్నగా లేచింది. పగిలింది. కాగితం ఉన్నచోటే ఉంది. రెండోది కుడికి. పగిలింది. మూడోది ఎడమకు. బిళ్ల క్షేమంగా వెళ్లిపోయింది, కాగితం ఆమె కాళ్ల దగ్గర పడింది.

ఆయన వంగి తీసి మళ్లీ దోపాడు. ఇంకో ఎడమ బిళ్ల. మళ్లీ కాగితం కింద. డెబ్బై దాటిన మనిషి అలా నాలుగుసార్లు వంగాడు.

"తుపాకీ తన్నుడుకు పడతది ఉస్తాద్," అంది సుచరిత.

"అట్లనా? అయితే తూటాలు నేను పెడత. నువ్వు ముందుకే చూడు."

గొట్టాల్లో తూటాలు పెట్టి మూసింది ఆయనే. ఆమె కేక వేసింది. బిళ్ల ఎడమకు లేచింది. ఆమె గొట్టాలను దాని వెంట తిప్పి ట్రిగ్గర్ నొక్కింది.

టక్ అంది. అంతే. మంట లేదు, చప్పుడు లేదు, భుజానికి తన్నుడు లేదు. ఆయన పెట్టింది అప్పటికే కాల్చేసిన ఖాళీ తూటాలు.

కాగితం ఆమె బూటు మీద పడి ఉంది.

ఈసారి వంగి తీసుకుంది ఆమే.

"తల లేపుతున్న," అంది మెల్లగా.

"ఎందుకు?"

"పగిలిందో లేదో చూద్దామని. ఎడమది పోతదని భయం ఉస్తాద్."

ఆయన చల్లారిన టీ పారబోసి, ఇంకోటి తెచ్చుకోవడానికి వెళ్లాడు.

తొమ్మిది రోజులూ పానా ఆయన జేబులోనే ఉంది. ఆమె అడగలేదు. కాగితం మడతల దగ్గర చిరిగి, చెమటకు అక్షరాలు చెరిగిపోతే, తూటాల డబ్బా అట్ట ముక్క చింపి పెట్టుకుంది. చివరి రెండు రోజులు అదీ పెట్టుకోలేదు.

పోటీ నాడు ఎండ తీక్షణంగా ఉంది. చివరి రౌండులో ఆరుగురు వంతులవారీగా కాలుస్తున్నారు. బిళ్ల తప్పితే, పోయిందన్న అర్థంలో రిఫరీ "లాస్ట్" అని అరుస్తున్నాడు. ఆ అరుపు ఎవరికి ఎన్నిసార్లు పడిందో సుచరిత లెక్కపెట్టలేదు. కేక వేయడం, బిళ్లను చూడడం, కాల్చడం. చెంప కింద చెక్క వెచ్చగా ఉంది.

రౌండు అయ్యాక తుపాకీ గొట్టాలు తెరిచి, ఖాళీ తూటాలు తీసేసి బయటికి వచ్చింది. ప్రద్యుమ్న ఎదురొచ్చాడు.

"ఎన్ని?"

"తెల్వదు."

"తెల్వదంటే? కాల్చింది నువ్వు కాదా?"

మైకులో పేర్లు చదువుతున్నారు. మొదటి పేరు వరంగల్ అమ్మాయిది. రెండోది కిందటేటి విజేతది. మూడోది సుచరితది. ప్రద్యుమ్న చేసిన గోలకు వెనకాల బెంచీల మీది వాళ్లంతా లేచి చూశారు.

ఆమె జనాన్ని తప్పించుకుని, రేకుల షెడ్డు కింద కూర్చున్న ఉస్తాద్ దగ్గరికి వెళ్లి కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఉస్తాద్, ఎడమవి ఎన్ని పగిలినయ్?"

"నన్నడుగుతవేంది బిడ్డా," అన్నాడాయన. "అది చూసేటందుకే గదా, పాపం, రిఫరీ పొద్దటి నుంచి ఎండల కూసున్నడు."