ముందువాడి చెయ్యి

విశాఖపట్నంలో పైడిరాజు అని ఒక గుమాస్తా ఉండేవాడు. రాత్రి ఎంత తాగినా పొద్దున్నే సైకిల్ తొక్కితే అంతా చెమటలో పోతుందని అతని గట్టి నమ్మకం.

నలభై రెండేళ్లొచ్చినా అతనికి పొట్ట రాలేదు. పిక్కలు రాళ్లలా ఉండేవి. ఆదివారం ఆదివారం భీమిలి దాకా వెళ్లివచ్చే సైకిల్ బృందంలో అందరికన్నా ముందు అతనే ఉండేవాడు. తాగుడు మానమని భార్య గొణిగితే, "నా ఒళ్లు సూడే! తాగుబోతోడి ఒళ్లు ఇలాగుంటాదేటి?" అనేవాడు. పాపం, ఆవిడ తన పనిలో పడిపోయేది. నిజం చెప్పొద్దూ, ఆ మనిషిని చూస్తే నాకూ అది నిజమే అనిపించేది.

ఆ బృందంలో ఒక పద్ధతి ఉంది. అందరూ ఒకరి వెనక ఒకరు, చక్రానికీ చక్రానికీ మూరెడు దూరంలో వెళ్తారు. వెనకవాళ్లకు ముందున్న రోడ్డు కనబడదు. గుంత వస్తే ముందువాడు ఆ పక్క చెయ్యి కిందికి చాపి చూపించాలి. వెనకవాళ్లు ఆ చేతినే నమ్ముకుని తప్పుకుంటారు. పైడిరాజు వెనకే జోగారావు మాస్టారు ఉండేవారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. చిన్నప్పుడు పైడిరాజుకు సైకిల్ నేర్పింది ఆయనే. "నువ్వు ముందుంటే నాకు బెంగ లేదురా," అనేవారు.

ఒక శనివారం పైడిరాజు స్నేహితుడి ఇంట్లో అర్ధరాత్రి దాటేదాకా తాగాడు. తెల్లవారుజామునే లేచి, చన్నీళ్లు పోసుకుని, నిమ్మరసం తాగి బయల్దేరాడు. తల కొంచెం బరువుగా ఉంది. 'ఎండెక్కేసరికి దిగిపోద్దిలే' అనుకుని ఎప్పటిలాగే అందరికీ ముందు నిలబడ్డాడు.

ఋషికొండ దాటాక, వాలులో ఒక గుంత వచ్చింది. పైడిరాజు ఆఖరి క్షణంలో తప్పుకున్నాడు. చెయ్యి కూడా చాపాడు. కానీ అతని చెయ్యి కదిలేసరికే వెనక పెద్ద చప్పుడైంది.

తిరిగి చూస్తే మాస్టారు రోడ్డు మీద పడి ఉన్నారు. హెల్మెట్ రెండు ముక్కలైంది. తొడ చీరుకుపోయి రక్తం ధారగా కారుతోంది. అప్పటిదాకా కబుర్లు చెబుతూ వచ్చిన మనిషి! అందరూ సైకిళ్లు పడేసి ఆయన చుట్టూ మూగారు. "దిక్కుమాలిన రోడ్డు!" అన్నారెవరో. పైడిరాజు కూడా అవునన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. మాస్టారిది ఓ నెగెటివ్ గ్రూపు. ఆసుపత్రిలో అది నిల్వ లేదు. బృందంలో ఆ రక్తం ఉన్నది ఒక్క పైడిరాజుకే. అతను ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

"ఎంత కావాలంటే అంత తియ్యండి సిస్టర్!"

ఆ కండలు చూసి నర్సుకు ప్రాణం లేచొచ్చింది. సూది తీస్తూ, అందరినీ అడిగేదే అడిగింది. "రాత్రి మందేమైనా తాగారా?"

పైడిరాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నర్సు ఒక అడుగు దగ్గరికొచ్చి ఆగిపోయింది. గుప్పుమని వాసన!

"పొద్దెక్కింది, ఇంకా మీకు మత్తు దిగలేదు బాబూ. ఈ రక్తం పనికిరాదు," అంది.

తన చెయ్యి ఎందుకు ఆలస్యమైందో పైడిరాజుకు అప్పుడు అర్థమైంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కబురు విని వచ్చి పక్కనే నిలబడ్డ మాస్టారి భార్య కామేశ్వరమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆవిడకూ అర్థమైంది.

ఇంకో ఆసుపత్రి నుంచి రక్తం వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. మాస్టారు బతికారు. ఆ ఆలస్యానికి కుడికాలు మాత్రం తీసేయాల్సి వచ్చింది. ఇప్పటికీ ఈ మాట చెప్పాలంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మూడో రోజు మాస్టారు కళ్లు తెరిచారు. "పైడీ, నువ్వు చెయ్యి చూపించే ఉంటావు. నా కళ్లే మసకబారాయి. నా వల్ల మీకెంత శ్రమరా!" అన్నారు.

కామేశ్వరమ్మ భర్తకు ఏమీ చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడింది. పైడిరాజు ఊరికే తలూపితే చాలు, తప్పు మాస్టారి కళ్ల మీదే ఉండిపోయేది.

"మీ కళ్లు బాగానే ఉన్నాయి మాస్టారూ. నేనే రాత్రి తాగి, ఆ మత్తు దిగకుండానే వచ్చేసినాను. చెయ్యి ఆలస్యంగా చాపినాను," అని అతను బావురుమన్నాడు.

మాస్టారు దుప్పటి కింద కాలు లేని చోట చాలాసేపు తడుముకున్నారు. "నీ ఒళ్లు చూసి నేనూ మోసపోయాన్రా," అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత పైడిరాజు మళ్లీ చుక్క ముట్టలేదు. అందులో గొప్పేమీ లేదు, మాస్టారికి కాలు తిరిగి రాలేదు కదా!

నీతి: ఎంత వ్యాయామం చేసినా తాగుడు చేసే చెరుపు పోదు, గట్టి ఒళ్లు ఆ చెరుపును కనబడకుండా దాస్తుందంతే, దాని దెబ్బ మాత్రం మనల్ని నమ్మి వెనక వచ్చేవాళ్లకు తగులుతుంది.