తీగల వంతెనకు చీమల తనిఖీ

ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో ఒకటి రెండు చోట్ల అటూ ఇటూ కావచ్చు. ఈమధ్య నాకు అలా అవుతోంది. చదివేవాళ్లు కాస్త సర్దుకోవాలి. మా మనవరాలు వకుళ కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. ప్రోగ్రాం మారిన ప్రతిసారీ ఏం చేర్చారో, ఏం తీసేశారో, ఏం బాగుచేశారో ఒక పట్టీలో రాసిపెట్టాలట. తలా ఒక తీరుగా రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. అందుకని ఆ పట్టీని దానంతటదే చూసి, వరుస తప్పితే దానంతటదే సరిచేసే ఏర్పాటు ఒకటి మా పిల్ల చేసింది. "అర్థమైందా నానమ్మా?" అని అడిగింది. అర్థమైంది. నాకు ఎలా అర్థమైందో అలా చెబుతాను.

అడవి మధ్యలో ఎండ్రకాయల వాగు ఉంది. దాని రెండు గట్లూ నిట్టనిలువుగా ఉంటాయి. వానాకాలం వచ్చిందంటే ఇవతల అంతా బురద, అవతల అంతా పచ్చిక. అటు వెళ్లడానికి ఉన్న దారి ఒక్కటే, అడ్డతీగలతో అల్లిన వంతెన. నరికి తెచ్చిన తీగలు కావు. గట్టుమీద వేళ్లూని బతికున్న తీగలనే లాగి, పెనవేసి, అవతలి గట్టు చెట్లకు చుట్టారు. అందుకే ఆ వంతెన ఏటా కాస్త మారుతుంది. ఒకచోట తీగ ఎండుతుంది, ఇంకోచోట కొత్తది పెరుగుతుంది. జంతువులు వంతులవారీగా దాన్ని చూసుకుంటాయి.

వంతెన మొదట్లో ఒక నేరేడు చెట్టు. ఆ చెట్టును కనిపెట్టుకుని ఉండేది ఎల్లారమ్మ అనే ముసలి కొండముచ్చు. వంతెన దాటే ప్రతి జంతువూ ఆమెకు ఒక పండో కాయో ఇచ్చి వెళ్లాలి. అది ఆమె జీతం. ఆమె పని ఏమిటంటే, వంతెన మీద ఏ మార్పు జరిగినా దాని గుర్తు చెట్టుకు సరిగ్గా వేలాడేలా చూడటం. కొత్త తీగ కడితే దాని కొసను చుట్టలా చుట్టి నడిమి కొమ్మ తాడుకు కట్టాలి. బాగుచేస్తే ముడివేసిన ముక్కను కుడి కొమ్మ తాడుకు కట్టాలి. ఏదైనా తీగను తీసేస్తే ఆ తీగదే ఒక ముక్కను, రెండు కొసలూ కోసినది, ఎడమ కొమ్మ తాడుకు కట్టాలి. ఏ కొమ్మకైనా సరే, కొత్త గుర్తు పైన, పాతవి కింద. దాటబోయేవాళ్లు పైన ఉన్నది చూసుకుని అడుగు వేస్తారు. కింద ఉన్నవి ఎప్పుడో చూసేసినవే కదా.

చెప్పడానికి తేలిక. చేసేవాళ్లు జంతువులు.

ఎలుగుబంటి బుడ్డయ్య తన వంతు వచ్చినప్పుడు ఏ తాడు చేతికి దొరికితే ఆ తాడుకు కట్టేసి పోయేవాడు.

"ఒరే బుడ్డయ్యా, ముడిముక్క కుడివైపు కదరా."

"ఎక్కడైతే ఏంటి పెద్దమ్మా, కట్టాను కదా. నన్నేమన్నా పూలదండ గుచ్చమన్నావా?"

ఎల్లారమ్మ రోజంతా విప్పి కట్టడం, విప్పి కట్టడం. మునుపు విసుగు లేకుండా చేసేది. ఈమధ్య ఆమెకు ఒక భయం పట్టుకుంది. ఒక ముక్క చేతిలో పట్టుకుని, దీన్ని ఇప్పుడే విప్పానా, ఇప్పుడే కట్టబోతున్నానా అని నిలబడిపోతోంది. ఒకరోజు దుప్పిని పలకరించబోతే పేరు గుర్తుకు రాలేదు. పేరు పోతే పోయింది, దుప్పి ఏమీ అనుకోదు. ముక్క తప్పుచోట కడితే దుప్పి వాగులో ఉంటుంది.

అందుకే ఆమె ఎర్రచీమల దగ్గరికి వెళ్లింది. అవి ఆ చెట్టు మీదే ఆకులు కుట్టుకుని కాపురముండే చీమలు.

"మీకు మాటలు చెప్పను," అంది. "చుట్ట ఉంటే నడిమి కొమ్మ. ముడి ఉంటే కుడి. రెండు వైపులా కోసి ఉంటే ఎడమ. కోసినచోట కారే జిగురు పచ్చిగా ఉన్నది పైకి, ఆరినది కిందికి. తీగముక్క కానిది ఏది కట్టినా కింద పడేయండి. నాకొచ్చే పండ్లలో సగం మీకు."

చీమలు ఒప్పుకున్నాయి. ఆ పూటనుంచి చెట్టు మీద ఎండ పడగానే గూళ్లనుంచి బారుగా దిగేవి. మూడు తాళ్లనూ పైనుంచి కిందిదాకా తడిమేవి. తప్పుచోట ఉన్న ముక్కను కొరికి విప్పి, మోసుకెళ్లి, సరైనచోట నారతో బిగించేవి. ఎవరినీ తిట్టవు, ఎవరికీ చెప్పవు. బుడ్డయ్య కట్టిన ముక్క మర్నాటికల్లా ఉండాల్సిన చోట ఉండేది.

"చూశావా పెద్దమ్మా, నేనెంత బాగా కట్టానో," అనేవాడు బుడ్డయ్య.

ఎల్లారమ్మ నవ్వి ఊరుకునేది. ఎవరూ లేనప్పుడు మాత్రం కాస్త దూరంగా వెళ్లి కూర్చుని, తీరుగా వేలాడే ఆ మూడు తాళ్లనూ చూసుకుని మురిసిపోయేది. ఆ అడవిలో ఇంతకుముందు ఏ కొండముచ్చుకూ ఈ ఆలోచన రాలేదు.

ఈ ఏర్పాటు గిట్టనిది ఒక్క భూషణానికే. భూషణం నక్క. కూర్చున్నచోటికే పండ్లు వచ్చే ఉద్యోగం మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. తన వంతు రాగానే మొదటిరోజు ఒక ఉత్త ఆకు తెచ్చి నడిమి తాడుకు కట్టాడు.

"ఇదేమిట్రా?" అంది ఎల్లారమ్మ.

"ఏవో చిన్న చిన్న పనులు చేశానత్తా. అన్నీ విడమరిచి చెప్పాలా?"

మర్నాడు ఆ ఆకు నేలమీద ఉంది. భూషణం దాన్ని చూశాడు, పైన చీమలనూ చూశాడు. ఎండ పడితే దిగుతాయి, ఎండ పోతే ఎక్కుతాయి అని లెక్క పట్టాడు.

తొలివాన మబ్బులు కమ్మిన సాయంత్రం, చీమలు గూళ్లకు ఎక్కాక, వంతెన నడుమ బరువంతా మోసే అడుగుతీగను కొరికి తెంపాడు. బారెడు బారెడు లాగి తన బొరియ ముందు ఊయల కట్టుకున్నాడు. గుర్తు పెట్టకపోతే వంతెన ఎక్కనివ్వరు, అది అడవి కట్టుబాటు. అందుకని రెండు కొసలూ కోసిన ముక్క ఒకటి తెచ్చాడు. బూడిదలో పొర్లించి పాతదానిలా చేశాడు. ఎడమ తాడుకు అన్నిటికన్నా అడుగున, ఎండిపోయిన ముక్కల మధ్య కట్టాడు. ఏదన్నా జరిగితే గుర్తు ఉండనే ఉంది, చూసి చెప్పని తప్పు ముసలిదానిదే అవుతుంది.

తెల్లవారింది కానీ ఎండ రాలేదు. అడవిదున్నల మంద వాగు ఒడ్డుకు వచ్చింది. ముందు వీరన్న, వెనక దూడలు, తల్లులు.

"వాగు పొంగేలా ఉంది ఎల్లారవ్వా. దాటించు."

ఎల్లారమ్మ మూడు తాళ్లూ చూసింది. పైన అన్నీ తెలిసినవే. కింద చూసింది. ఎడమ తాడు చివర ఒక ముక్క. అది నిన్న ఉందా? ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది.

"కాస్త ఆగు నాయనా. చీమలు దిగనీ."

భూషణం ఎక్కడినుంచి వచ్చాడో వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఎండ లేదు కదత్తా. ఇవాళ దిగవేమో. మంద అంతా వాగులో కొట్టుకుపోయేదాకా చీమలకోసం కాచుకోమంటావా?"

"అడుగున ఉన్న ఆ ముక్క నాకు గుర్తులేదు."

"నీకు గుర్తులేనివి చాలా ఉన్నాయిలే. మొన్న నన్ను మా అన్న పేరుపెట్టి పిలిచావు. పాపం అతను పోయి రెండేళ్లు." భూషణం వీరన్న వైపు తిరిగాడు. "పెద్దమనిషి, పాపం, నేననకూడదు. కానీ మతిమరుపు మనిషి చేతిలో వంతెన పెట్టి మనమంతా నడుస్తున్నాం. పైన చూడు వీరన్నా, ఏముంది? తీసేసినట్టు కొత్త గుర్తేమన్నా ఉందా?"

"లేదు," అన్నాడు వీరన్న.

"మరింకేం?"

వాగు చప్పుడు పెరిగింది. ఒక తల్లి దున్న, "అవ్వా, పిల్లలు తడుస్తున్నారు," అంది. ఎల్లారమ్మ వెళ్లి వంతెన మొదట్లో అడ్డంగా కూర్చుంది.

"నాకు మతిమరుపు నిజమే," అంది. "అందుకే ఈ పని నా మతికి వదలలేదు. చీమలు చూసి సరే అంటే దాటండి. వాళ్లు దిగాక నాదే తప్పని తేలితే, రేపటినుంచి ఈ చెట్టుకింద వీడు కూర్చుంటాడు. అప్పటిదాకా నన్ను తొక్కుకుంటూ పోవాలి."

వీరన్న డెక్కతో నేలను గీరాడు. కానీ ముసలిదాన్ని తొక్కలేదు.

మబ్బు ఒక్కచోట విచ్చుకుంది. నేరేడు కొమ్మమీద చారెడు ఎండ పడింది. చీమలు దిగాయి.

నడిమి తాడు తడిమాయి, వదిలేశాయి. కుడి తాడు, వదిలేశాయి. ఎడమ తాడు మీద పైనుంచి కిందికి వచ్చి చివరి ముక్క దగ్గర ఆగాయి. మీసాలతో తుడిచాయి. బూడిద రాలింది. కింద జిగురు బొట్టు మెరిసింది.

భూషణం లేచాడు. "అది పాతదే. వదిలేయండర్రా. మీకేం తెలుసు, నేను దగ్గరుండి కట్టించిన..." అంటూ మూతి తాడు దగ్గర పెట్టాడు. చీమలకు నక్క ఎవరో తెలియదు. దారికి అడ్డొచ్చిన మూతి అని మాత్రం తెలిసింది, కుట్టాయి. భూషణం గంతు వేసి ముక్కు రుద్దుకుంటుండగా, అవి ముక్కను విప్పి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, పైకి మోసుకెళ్లాయి. ఎడమ తాడుకు అన్నిటికన్నా పైన బిగించి, మళ్లీ బారుగా పండ్ల దగ్గరికి పోయాయి.

వీరన్న ఆ ముక్కను చూశాడు. తరవాత గట్టు అంచున మోకాళ్లమీద వంగి వంతెన అడుగువైపు చూశాడు.

"అడుగుతీగ లేదు," అన్నాడు మెల్లగా. వెనక్కి తిరిగి దూడలవైపు చూశాడు.

"గుర్తు పెట్టానుగా," అన్నాడు భూషణం. "పెట్టలేదని ఎవరనగలరు? అదిగో, మీ కళ్లముందే ఉంది."

"ఉంది," అంది ఎల్లారమ్మ. "నా చీమలు పెట్టాక ఉంది. నువ్వెక్కడ పెట్టావు?"

భూషణం ఒక్కో అడుగే వెనక్కి వేశాడు.

"ఆ తీగ ఎక్కడుంది అల్లుడూ?" అన్నాడు వీరన్న. కొమ్ములు దించి అడిగాడు కాబట్టి జవాబు వెంటనే వచ్చింది.

ఊయల విప్పించారు. తెగినచోట మూడు పేటలుగా పెనవేసి భూషణం చేతనే కట్టించారు. బుడ్డయ్య గట్టుమీద కూర్చుని, "అక్కడ బిగువు చాలదు బావా, నీ ప్రాణమే అనుకుని కట్టు," అని మాటసాయం చేశాడు. అనుకోవడమేమీ లేదు. కట్టాక మొదట నడిచింది భూషణమే. అటు ఒకసారి, ఇటు ఒకసారి. మధ్యలో ఆగి ఎగిరి చూడమన్నారు, ఎగిరి చూశాడు. అప్పుడు మంద దాటింది, దూడలు ముందు.

దాటేటప్పుడు ప్రతి దున్నా ఎల్లారమ్మ ముందు ఆగి తల వంచింది. ఆమె వరసగా దీవించింది. ఇద్దరిని పేర్లు మార్చి పిలిచింది. వాళ్లు పలికారు.

చివరికి భూషణం ముడిముక్క పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చాడు. ఈసారి కుడి తాడు ఎంచుకుని, అన్నిటికన్నా పైన, ముడి బయటికి కనబడేలా కట్టాడు. చీమలు వచ్చి తడిమి, ముట్టుకోకుండా పోయాయి.

"చూశావా అత్తా, నాది కదిలించలేదు," అన్నాడు వాచిన ముక్కుతో.

"చూశాను భూషణం," అంది ఎల్లారమ్మ. ఈసారి పేరు సరిగ్గానే పిలిచింది. నిటారుగా కూర్చుని తోక చుట్టూ వేసుకుంది. "ఆ ఏర్పాటు చేసింది నేనేరా."

నీతి: మార్పు చేశామని చెబితే చాలదు, అడుగు వేయబోయేవాడికి ముందుగా కనబడేచోట చెప్పాలి.

వకుళా, నక్క పేరు, దున్న పేరు, ఎలుగు పేరు మొదటినుంచి చివరిదాకా ఒక్కటిగానే ఉన్నాయో లేదో ఒకసారి చూసిపెట్టమ్మా.