తడవని మంచం కోళ్లు

సముద్రం ఒడ్డున మొగలితీరం అనే ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు ప్రతాపకేసరి మనసు చెడ్డది కాదు. కాకపోతే లోకంలో తాను తీర్చలేని తగువంటూ లేదని ఆయన నమ్మకం. కూరలో ఉప్పెక్కువైతే తప్పు వంటవాడిదా, ఉప్పుదా అని కొలువు తీర్చి మరీ విచారించేవాడు. పొద్దున్న లేచింది మొదలు పొగిడేవాళ్లే చుట్టూ ఉంటే ఎవరి బుద్ధయినా అలాగే తయారవుతుంది లెండి.

ఆ కొలువులో సోమన్న అనే చమత్కారి ఉండేవాడు. మాట ఘాటుగా ఉంటుందని జనం మిరియాల సోమన్న అనేవారు.

ఒకనాడు ఫిలేమోను పంతులు కొలువుకు వచ్చాడు. ఆయన ఆ ఊరి క్రైస్తవుల పాత సభకు పెద్ద. నెమ్మదస్తుడు, అబద్ధమాడని మనిషి.

"ప్రభూ, మా సమాధుల తోటలో దేవసహాయమనే పడవవాడి సమాధి ఉంది. బతికున్నప్పుడు తనకు దర్శనాలు వచ్చాయని చెప్పి, మా నుంచి విడిపోయి వేరే సభ పెట్టాడు. పోయాక అతనివాళ్లు రాతి మీద 'ప్రవక్త' అని చెక్కించారు. నా మనసు ఒప్పడం లేదు. ఆ ఒక్క మాట తీయించండి, చాలు" అన్నాడు.

"ఒక్క మాటతో సరిపెడితే ఎలా పంతులూ!" అన్నాడు రాజు, సింహాసనం మీద ముందుకు జరిగి. "అతడు నిజమైన ప్రవక్తా, అబద్ధ ప్రవక్తా? ఎల్లుండి కొలువులో నేనే తేలుస్తాను. అబద్ధమని తేలితే రాయే కాదు, వాళ్ల ప్రార్థన మందిరం కూడా నేలమట్టం!"

"అంత వద్దు ప్రభూ" అన్నాడు పంతులు కంగారుగా. వినేవాడెవడు? అప్పటికే దండోరా వేయమని భటుడికి సైగ వెళ్లిపోయింది.

రాజుకు అంత ఉత్సాహం ఊరికే రాలేదు. ఆయన సముద్రానికి దగ్గరగా, పల్లంలో సాగరవిలాసం అనే మేడ కట్టించుకుని అందులోనే నిద్రపోయేవాడు. కొన్నేళ్ల కిందట దేవసహాయం కోట వాకిట నిలబడి, "వచ్చే గాలివానకు సముద్రం పైకొస్తుంది. ఊళ్లు మునుగుతాయి. రాజుగారి మంచం కోళ్లు కూడా తడుస్తాయి. మేలుకోండి!" అని కేకలు వేశాడు. భటులు మెడబట్టి గెంటారు. చెప్పినట్టే గాలివాన వచ్చింది, సముద్రం పొంగింది. కానీ మంచం కోళ్లు తడవలేదు. సముద్రుడు తన ప్రతాపానికి జంకి వెనక్కి తగ్గాడని రాజు అందరికీ చెప్పుకున్నాడు. కవులు దాని మీద పద్యాలు కట్టి శాలువాలు కప్పించుకున్నారు. అయినా తన మంచాన్ని నలుగురిలో అన్న మాట రాజు మరిచిపోలేదు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. సోమన్న ఆ సాయంత్రమే దేవసహాయంవాళ్ల ప్రార్థన మందిరానికి వెళ్లాడు. దేవసహాయం కూతురు కరుణమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"మందిరం పడగొడతారటగా బాబూ?" అంది ఆమె తలెత్తకుండానే. "గోడలకేటి, మళ్లీ లేపుకుంటాం. నా బెంగ ఆళ్ల గురించి." అరుగు మీద వరసగా కూర్చున్న ముసలివాళ్లను చూపించింది. "మా ఆడోళ్లు పూటపూటా ఎసట్లో బియ్యం పొయ్యకముందే ఓ పిడికెడు తీసి పక్కనెడతారు. ఆదివారం ఇక్కడికి తెస్తారు. నాయన ఎట్టిన కట్టుబాటది. ఈ దిక్కులేనోళ్లు దాంతోనే బతుకుతన్నారు. రేపు మందిరానికి తాళం పడితే ఈళ్లకెవరు పెడతారు?"

సోమన్న మనసు కలుక్కుమంది. వంగి బియ్యంకేసి చూశాడు.

"కట్ట ఏసినప్పుడు కూడా ఈ బియ్యమే గెంజి కాసి పోసేం" అంది కరుణమ్మ.

"ఏ కట్టమ్మా?"

"అదే బాబూ, రాజుగోరు సాయంత్రాలు సికారు తిరుగుతారు సూడండి, ఆ మట్టికట్ట. కోటకాడ గెంటేసేక నాయన తిన్నగా ఒడ్డుకెళ్లి తట్ట ఎత్తేడు. మేమందరం ఎనకాలెళ్లేం. గాలివానకి సముద్రం ఆ కట్ట దాకా వచ్చి ఆగిపోయింది. వానలో తడిసి జొరం తగులుకుంది, నాయన మరి లెగలేదు."

సోమన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఎల్లుండి నువ్వూ కొలువుకు రా తల్లీ" అని చెప్పి వెళ్లిపోయాడు.

విచారణనాడు కొలువు కిటకిటలాడింది. రాజు చప్పట్లు కొట్టగానే నలుగురు బంట్లు సింహపాదాల కోళ్లున్న టేకు మంచాన్ని మోసుకొచ్చి సభ మధ్యలో దించారు.

"ఇదే నా సాక్షి!" అన్నాడు రాజు. "పంతులూ, చెప్పిన మాట జరగకపోతే అతడెలాంటి ప్రవక్త?"

"జరగకపోతే ఆ మాట దేవుడిది కాదని మా వేదగ్రంథంలో ఉంది ప్రభూ."

"చూడండి మరి! కోళ్ల మీద తడి మరక కూడా లేదు. తీర్పు చెప్పేయనా?"

సోమన్న లేచి మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ఒక కోడుకు చెవి ఆనించాడు. సభలో నవ్వులు లేచాయి.

"ప్రభూ, సాక్షి నిజమే చెబుతోంది. అయితే ఎదురుప్రశ్న వేయకుండా తీర్పు చెబితే రేపు పొరుగు రాజులు వేలెత్తి చూపుతారు. ప్రభువుల తీర్పులో అనుమానం మిగలకూడదు."

"అవును, మిగలకూడదు" అన్నాడు రాజు గంభీరంగా.

"దేవసహాయం ఆ మాట అన్ననాడు ఒడ్డున కట్ట లేదు. తర్వాత అతనివాళ్లే వేశారు. కాబట్టి ఆనాడు ఎలా ఉందో ఈనాడూ అలాగే ఉండాలి. కట్ట తెంపిద్దాం. రేపు పున్నమి, పోటు గట్టిగా ఉంటుంది. ప్రభువులు సాగరవిలాసంలో ఇదే మంచం మీద హాయిగా పవళించండి. తెల్లారి కోళ్లు పొడిగా ఉంటే నేనే గునపం పట్టి మందిరం పడగొడతాను."

రాజు మొహంలో రంగు మారింది. "రేపా? రేపు నాకు... కట్టెందుకు తెంపడం?"

"ఏముంది ప్రభూ, వట్టి మట్టికట్ట! సముద్రుడు ఎలాగూ తమ ప్రతాపానికి జంకేవాడే. పారలవాళ్లు బయట సిద్ధంగా ఉన్నారు. ఒరేయ్, పదండ్రా!"

"ఆగండి!" రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. "ఆ కట్ట మీద ఒక్క పార పడ్డానికి వీల్లేదు!"

"ఎందుకని ప్రభూ?"

"ఎందుకేమిటోయ్ మూర్ఖుడా! నీళ్లొస్తాయి!"

"ఎవరు చెప్పారు ప్రభూ?"

రాజు మంచంకేసి చూశాడు, మూలన నిలబడ్డ కరుణమ్మకేసి చూశాడు.

సోమన్న పంతులుగారివైపు తిరిగి, ఈసారి ఎగతాళి లేకుండా అడిగాడు. "అయ్యా, మీరు అబద్ధం ఆడరని నాకు తెలుసు. చెప్పిన మాట జరగకపోయినా నిజమైన ప్రవక్తే అయినవాడు మీ గ్రంథంలో ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు. ఒక మహానగరం నాశనమవుతుందని చాటాడు. నగరం విని, బుద్ధి మార్చుకుంది. అందుకని నాశనం తప్పింది" అన్నాడు పంతులు. తల వంచుకుని, "ఈ సంగతి నాకు ముందే తోచి ఉండాల్సింది" అన్నాడు.

రాజుకు మళ్లీ హుషారు వచ్చింది. ఒక తీర్పు చేజారితే ఇంకొకటి పట్టుకోవడం ఆయనకు అలవాటే. "అయితే దేవసహాయం నిజమైన ప్రవక్త! ఇది నా తీర్పు. పాతసభవాళ్లంతా రేపటి నుంచి అతణ్ణే..."

పంతులు మొహం పాలిపోయింది. ఇంతలో కరుణమ్మ రెండడుగులు ముందుకొచ్చి చేతులు జోడించింది.

"వద్దు మారాజా. నన్ను నమ్మండని మా నాయన ఎవుల్నీ అడగలేదు. కట్ట ఏద్దాం రండని అడిగేడు, అంతే. ఆ రాతి మీద మాట పంతులుగారికి కష్టంగా ఉంటే సెరిపించీయండి. నాయన పేరుంటే నాకు సాలు."

"ఉండనీ తల్లీ" అన్నాడు పంతులు. "ఆ మాట నా నోటితో నేను ఇప్పటికీ అనలేను. అది దేవుడు తీర్చాల్సిన తగువు. కానీ వానల ముందు కట్టకు మట్టి వేయాలిగా, మావాళ్లను తట్టలతో తీసుకొస్తాను."

చేతిలోని తీర్పు రెండోసారి కూడా జారిపోవడంతో రాజు కూలబడ్డాడు. "సోమన్నా, నీకేమనిపిస్తోంది? ఇంతకీ అతడు ప్రవక్తేనా, కాదా?"

"నాకు తెలియదు ప్రభూ. అతనికి దర్శనం వచ్చిందో, పడవవాడు కాబట్టి గాలి వాసన పట్టాడో నేనెలా చెప్పను? ఒక్కటి మాత్రం తెలుసు. మన కొలువులో ప్రతివాడూ తన మాట నెగ్గాలని చూస్తాడు, మీతో సహా. దేవసహాయం మాత్రం తన మాట ఓడిపోవాలని ప్రాణం పోయేదాకా మట్టి మోశాడు."

రాజు ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో సిగ్గు కూడా ఉంది, దాన్ని ఆయన దాచుకోలేదు.

"నేను తెప్పించిన మంచం చేతే నా మీద సాక్ష్యం చెప్పించావు కదోయ్!" అంటూ చేతి కడియం తీసి సోమన్నకు తొడిగాడు. "మందిరం జోలికి ఎవరూ పోకూడదు. మా వంటింట్లో కూడా ప్రతిపూటా పిడికెడు బియ్యం తీసి కరుణమ్మకు పంపించండి!"

"పిడికిలి వంటవాడిదా ప్రభూ, తమరిదా?" అన్నాడు సోమన్న.

రాజు తన అరచెయ్యి చాపి చూసుకున్నాడు. "నాదే" అన్నాడు.

ఆదివారం నాడు ఆయనే మందిరానికి బియ్యం మూట తెచ్చాడు. కరుణమ్మ మూట విప్పి, అరుగు మీది ముసలివాళ్లకేసి తిరిగి, "రాజుగోరి పిడికిలి మంచి పెద్దదే!" అంది.