ఒక కుక్క పట్టేంత జాగా

నరహరి మీద ఫిర్యాదు వచ్చింది. అతను చేసిన తప్పేమిటో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

కుక్కల పోటీలు పెట్టే సంఘం పెద్ద ఒకాయన ఫోన్ చేసి, "నీ కుక్క వెనకాల ఉందంటే చాలు, మిగతావాళ్ళు రింగులోకి రావడానికి జంకుతున్నారు. కాస్త చూసుకో నాయనా" అన్నాడు.

"నా సుల్తాను ఎవర్నైనా కరిచిందా సార్?"

"లేదు."

"మొరిగిందా?"

"అదీ లేదు."

"తాడు నా చేతిలోంచి జారిందా? మరి నన్ను చూసుకోమంటే ఏం చూసుకోవాలి?"

పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.

నరహరికి ఒళ్ళు మండిపోయింది. వచ్చే ఆదివారమే కొండ మీద పోటీ. కాఫీ తోటల వాళ్ళు తమ కుక్కల్ని ఊరూరా పోటీలకు తిప్పడానికి ఒక మనిషి కోసం చూస్తున్నారు. చివరి రింగులో గెలిచినవాణ్ణే పెట్టుకుంటారని గట్టిగా వినిపిస్తోంది. ఆ ఆశతోనే నరహరి బ్యాటరీల షాపులో ఉద్యోగం మానేశాడు. మానేసినట్టు ఇంట్లో ఇంకా చెప్పలేదు. సుల్తాను నిగనిగలాడే నల్లటి డాబర్‌మన్, మంచి వయసు మీదుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

మర్నాడు పొద్దున్నే సుల్తానును తీసుకుని దస్తగిరి ఉస్తాదు ఇంటికి బయల్దేరాడు.

ఉస్తాదు ఇల్లు మదనపల్లె దాటాక, కొండ మొదట్లో ఉంటుంది. కుక్కలకు నడక నేర్పడంలో ఆయన్ని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. నరహరి పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. జడ్జి కుక్క పళ్ళు చూసేటప్పుడు దాన్ని ఎలా నిలబెట్టాలో, పక్కవాడి కుక్కను ముట్టుకోవాలంటే ముందు ఎలా అడగాలో, ఓడినా గెలిచినవాడితో చెయ్యి ఎలా కలపాలో, అన్నీ ఆయనే చెప్పాడు. వీటన్నిటికంటే ముందు చెప్పింది ఒకటుంది. వరసలో నడిచేటప్పుడు ముందున్న కుక్కకూ నీ కుక్కకూ మధ్య ఒక కుక్క పట్టేంత జాగా వదలాలి.

నరహరి ఆ జాగా వదిలేవాడు. కొలిచి చూసినా తప్పు పట్టలేనంతగా వదిలేవాడు. కానీ మలుపు దగ్గర, జడ్జి కళ్ళు ముందు కుక్క మీద పడే క్షణంలో, తాడు మీద బొటనవేలు రవ్వంత కదిపేవాడు. అంతే. సుల్తాను ఒక్క అడుగు కూడా ముందుకు వేసేది కాదు. తల దించి, ముందున్న కుక్క వెనకకాళ్ళ కేసి చూసేది.

ఆ చూపు పడ్డాక ఏ కుక్కా సరిగ్గా నడవలేదు. తోక కాళ్ళ మధ్యకు పోయేది, నడుము వంగేది. జడ్జి పెదవి విరిచి సుల్తాను వైపు తిరిగేవాడు. దీన్ని మోసం అంటే నరహరి ఒప్పుకోడు. పనితనం అంటాడు.

అతను వెళ్ళేసరికి ఉస్తాదు ఇంటి అరుగు మీద ఎస్తేరమ్మ కూర్చుని ఉంది. సర్కారు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర మార్చుకోలేదు. ఆమె కాళ్ళ దగ్గర ముత్యం. తెల్లటి రాజపాళయం కుక్క, ఆడది. పోయిన పోటీలో సుల్తానుకు ముందు నడిచింది అదే.

నరహరిని చూడగానే ఎస్తేరమ్మ లేచింది. తిట్టలేదు. ముత్యాన్ని తన వెనక్కి లాక్కుని, గోడవారగా జరిగి నిలబడింది. తిట్టినా బాగుండేదనిపించింది నరహరికి.

"ఆ రోజు నుంచి తాడు చూస్తే కేకలు పెడతా ఉంది ఉస్తాదూ. మంచం కిందికి దూరిందంటే అన్నానికి కూడా బయటికి రాదు" అంటోంది ఆమె.

నరహరి ఆగలేకపోయాడు. "ఉస్తాదూ, మీరే చెప్పండి. నా కుక్క దేన్నీ తాకలేదు. తాడు నా చేతిలోనే ఉండె. మీరు చెప్పినంత జాగా వదిలినా. ఎవరి కుక్కో పిరికిదైతే నాదా తప్పు?"

ఉస్తాదు లేచి సుల్తాను దగ్గరికి వచ్చాడు. సుల్తాను మెడలోంచి బెల్టు విప్పి, వేరే గొలుసు వేసి వరండా స్తంభానికి కట్టేశాడు. దాని చెవి వెనక రెండుసార్లు గోకేసరికి అది ఒళ్ళు విరుచుకుని పడుకుంది. చూస్తుండగానే నిద్రపోయింది.

తాడూ, దాని చివర వేలాడే ఖాళీ బెల్టూ తెచ్చి నరహరి చేతికిచ్చాడు.

"దా. నా వెనక నడువు."

"దేన్ని నడిపించాలి?"

"నడువు, చెప్తా."

ఇంటి వెనక సున్నం గీతలు గీసిన దొడ్డి ఉంది. ఒక పక్క గోడ పొడుగునా, ఊరెళ్ళినవాళ్ళు అప్పజెప్పి పోయిన కుక్కల బోన్లు. కొండ మీది నుంచి మంచు దిగి దొడ్డంతా పరుచుకుంటోంది. ఉస్తాదు ముత్యానికి తాడు వెయ్యలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టి, ఏదో గొణుగుతూ నడిపించాడు. కాసేపటికి అది తల ఎత్తింది. ఇంకాసేపటికి దాని నడకలో ఊపు వచ్చింది. ఎస్తేరమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

నరహరి ఖాళీ బెల్టును ఈడ్చుకుంటూ వెనక నడిచాడు. సిగ్గుగా ఉంది. పిల్లలాటలాగుంది. మలుపు వచ్చింది. అలవాటు కొద్దీ బొటనవేలు కదిలింది.

ముత్యం నేలకు కరుచుకుపోయింది.

"బెల్టుకు సుల్తాను వాసన ఉంటాది ఉస్తాదూ."

"అయితే పారెయ్."

బెల్టు పారేసి వట్టి తాడుతో నడిచాడు. ఆ మలుపులోనే మళ్ళీ అలాగే అయింది.

"తాడుక్కూడా వాసన ఉంటాది."

"పారెయ్."

"చేతులక్కూడా..."

ఉస్తాదు కొళాయి వైపు చూపించాడు. నరహరి సబ్బు రుద్ది మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఉస్తాదు తన చొక్కా ఒకటి తెచ్చి ఇస్తే అది తొడుక్కున్నాడు. మూడోసారి వట్టి చేతులతో బయల్దేరాడు. అప్పటికి మంచు బాగా కమ్మేసింది. ముందు నడుస్తున్న ముత్యం తెల్లగా, ఉందా లేదా అన్నట్టు కనిపిస్తోంది. దానికి నరహరి కనిపించే వీలే లేదు.

ఈసారి వేలు కదపకూడదనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ మలుపు రాగానే, ఏమీ లేని పిడికిట్లో, వేలు దానంతటదే కదిలింది.

ముత్యం కేక పెట్టింది. పసిబిడ్డ కేకలాగుంది.

ఆ తర్వాత దొడ్డిలో ఏ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దం ఎందుకని నరహరి బోన్ల వైపు చూశాడు. కుక్కలన్నీ లేచి నిలబడి ఉన్నాయి. పొద్దుటి నుంచీ మొరుగుతున్న పొమరేనియన్ కూడా నోరు మూసుకుంది. అవి ముత్యాన్ని చూడటం లేదు. నరహరి ముఖాన్నీ చూడటం లేదు. అన్నీ అతని ఎడమ మోకాలి పక్కన, కుక్క నడిచే చోటు కేసి చూస్తున్నాయి.

అక్కడ ఏమీ లేదు.

నరహరి ఒక అడుగు వేశాడు. తలలన్నీ ఒక అడుగు మేర కదిలాయి. అతను ఆగాడు.

తలలు ఆగలేదు. మెల్లగా, అతన్ని దాటి ముందుకు తిరుగుతూ పోయాయి. అతనికీ ముత్యానికీ మధ్య ఉన్న ఖాళీలోకి పోయాయి. ముత్యం వెనకకాళ్ళ దగ్గర ఆగాయి.

నరహరి వరండా కేసి చూశాడు. సుల్తాను నిద్రపోతూనే ఉంది. పొట్ట లేస్తోంది, పడుతోంది. అప్పుడే అతని ఖాళీ పిడికిట్లో ఏదో బిగిసింది. ముందుకు లాగింది. లాగింది సుల్తాను కాదు. సుల్తాను ఎప్పుడూ అంత బరువుగా లాగలేదు.

గోడ దగ్గర ఎస్తేరమ్మ "యేసయ్యా" అనుకోవడం వినిపించింది. అంటే ఆమె కూడా చూస్తోంది.

"ఉస్తాదూ... ఆడ ఏముంది?"

"తెచ్చినోడివి నువ్వు. నన్నడుగుతావేంరా?" ఉస్తాదు గొంతులో కోపం లేదు. ముత్యం మీద ఒంగి, దాని వెనకకాళ్ళను తన చేతులతో కప్పి కూర్చున్నాడు. "ఈ బిడ్డ చచ్చిపోయేట్టుంది. నీదాన్ని వెనక్కి పిలువు."

"ఏమని పిలిచేది?"

"పేరు కూడా పెట్టకుండానే ఇంతలావు చేసినావా?"

నరహరి పిలవలేకపోయాడు. పిడికిలి బిగించి, బొటనవేలు లోపలికి ముడుచుకుని, చేతిని మోకాలి దగ్గరికి లాక్కున్నాడు. తేలిగ్గా రాలేదు. భుజం నొప్పి పుట్టింది. అంగుళం అంగుళంగా లాగుతుంటే బోన్లలో తలలు కూడా అంగుళం అంగుళంగా వెనక్కి తిరిగాయి. చివరికి అతని మోకాలి దగ్గర ఆగాయి. పల్చటి ప్యాంటు గుడ్డ మీద వెచ్చటి ఊపిరి తగిలింది.

అతను ఏడ్చాడు. అవును, అంత మగాడూ నిలబడే ఏడ్చాడు.

"వదిలేస్తా ఉస్తాదూ. దీన్ని యాడికన్నా తరిమేస్తా."

ఉస్తాదు తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు చేసింది వదిలెయ్యడమే. పట్టుకోవడం నేర్చుకో."

ఆదివారం కొండ మీద జనం బాగానే వచ్చారు. చివరి రింగు దాకా సుల్తాను సునాయాసంగా వచ్చేసింది. తాళ్ళ అవతల, కుర్చీల్లో కాఫీ తోటల వాళ్ళు కూర్చున్నారు. నరహరికి ముందు తిరుపతి డాక్టరు గారి గోల్డెన్ రిట్రీవర్. డాక్టరు వెనక్కి తిరిగి నరహరిని చూసి, తన తాడును రెండు చేతులతో పట్టుకున్నాడు.

వరస కదిలింది. మలుపు దగ్గరపడుతోంది. బొటనవేలు కదలాలని గుంజుతోంది. కాఫీ తోటల పెద్దాయన కుర్చీలో ముందుకు ఒంగి మరీ చూస్తున్నాడు. ఒక్కసారి, ఈ ఒక్కసారికి, అనిపించింది. కళ్ళ ముందు బ్యాటరీల షాపు మెదిలింది. ఇంట్లో ఏం చెప్పాలో మెదిలింది.

నరహరి వేలు ముడుచుకున్నాడు. నడక తగ్గించాడు.

ముందు కుక్కకూ సుల్తానుకూ మధ్య ఒక కుక్క పట్టేంత జాగా ఏర్పడింది. అతను ఇంకా తగ్గించాడు. రెండు కుక్కలు పట్టేంత జాగా అయింది. వెనకాల ఉన్నవాడు విసుక్కున్నాడు. సుల్తాను అడుగు సాగలేదు. దాని అందమంతా సాగిన అడుగులోనే ఉందని నరహరికి తెలుసు.

"ఏమిటంత దూరం? ముందుకు రావయ్యా" అని కసిరాడు జడ్జి.

"ఇంతకంటే దగ్గరికి రాకూడదు సార్" అన్నాడు నరహరి. చేతికి చెమట పట్టింది. తాడు పట్టుకున్న చెయ్యి కాదు, రెండోది. జేబు పక్కన పిడికిలి బిగించి ఉంచిన ఖాళీ ఎడమ చెయ్యి.

రిట్రీవర్ తోక ఎత్తి, మలుపు తిరిగి, ఎండలో బంగారంలా సాగిపోయింది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టారు. కప్పు దానికే వచ్చింది. కాఫీ తోటల వాళ్ళు లేచి డాక్టరు గారి దగ్గరికి నడిచారు. నరహరికి గుండెలో మంటగానే ఉంది. మంటగా లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? అయినా వెళ్ళి డాక్టరు గారితో చెయ్యి కలిపాడు. డాక్టరు ఆ చేతిని వెంటనే వదల్లేదు.

బయటికి వెళ్ళే దారిలో కుక్కలూ మనుషులూ గుమిగూడి ఉన్నారు. ఎప్పుడూ నరహరిని చూసి మనుషులు తమ కుక్కల్ని లాక్కునేవాళ్ళు. ఈవేళ ఎవరూ లాక్కోలేదు. కుక్కలు మాత్రం వాటంతటవే రెండు పక్కలకూ జరిగాయి. సుల్తానుకు కావలసినదానికంటే ఎక్కువే జరిగాయి.

దస్తగిరి ఉస్తాదు వ్యాను వెనక తలుపు తెరిచి నిలబడి ఉన్నాడు. కప్పు ఎవరికొచ్చిందని అడగలేదు.

"రెండూ వచ్చినాయా?" అన్నాడు.

నరహరి ఎడమ మోకాలి వైపు చూసుకోలేదు. చూడాల్సిన అవసరం లేదని ఇప్పుడు తెలుసు. "వచ్చినాయి ఉస్తాదూ. చేతిలోనే ఉండాయి."

సుల్తాను వ్యానులోకి గెంతింది. గెంతి, ఎప్పట్లా మధ్యలో కాళ్ళు చాపుకుని పడుకోకుండా, ఒక మూలకు ఒదిగి కూర్చుంది.

ఉస్తాదు తలుపు వెంటనే వెయ్యలేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, పక్కకు జరిగి దారి ఇచ్చి, ఓపిగ్గా కాసేపు ఆగాడు. వ్యాను వెనక భాగం కొద్దిగా కిందికి దిగింది. అప్పుడు తలుపు వేశాడు.