గిజిగాడి 'రెడీ'

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. గూళ్లు అల్లడంలో అతనికి సాటి లేదు. ఊళ్లో దర్జీ కొట్టు ముందు దారప్పోగులు ఏరుకుంటూ, "రెడీ" అనే ఇంగ్లీషు మాట కూడా పట్టుకొచ్చాడు. గుండీలు కుట్టని చొక్కాకు కూడా ఆ దర్జీ అదే మాట అనేవాడు మరి!

ఒకరోజు గువ్వ వచ్చింది.

"బాబాయ్, నాకు నాలుగు పుల్లలు పేర్చడమే వచ్చు. పోయినేడు గాలికి నా గుడ్లన్నీ పోయాయి. ఈసారి ఒక గట్టి గూడు అల్లిపెట్టవూ?"

"దానికేం అమ్మాయ్, రెడీ!"

"రెడీ అంటే?"

"అయిపోయిందని!"

గువ్వ కొమ్మకేసి చూసింది. ఒక్క గడ్డిపోచ కూడా లేదు. 'అయిపోవడం అంటే ఇలా ఉంటుందా?' అనుకుంటూ వెళ్లింది.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది.

"రెడీ!" అన్నాడు గిజిగాడు. చూస్తే, ఉయ్యాలలాంటి గడ్డి చుట్ట ఒకటి వేలాడుతోంది.

పక్క కొమ్మ మీద ఉడత కిచకిచమంది. "మీ బాబాయ్ గుడ్డులో ఉన్నప్పుడే రెడీ అన్నాడట!"

"నీ పని చూసుకోవే!" అని కసిరాడు గిజిగాడు.

మూడోసారి వచ్చేసరికి ఆకాశమంతా మబ్బులు. గువ్వకు గుడ్లు పెట్టే వేళయింది. గూడు సొరకాయ బుర్రలా ముచ్చటగా ఊగుతోంది.

"రెడీ, రెడీ! లోపలికి వెళ్లు."

గువ్వ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఉండు బాబాయ్. ఇది మూడో రెడీ. ఇదెలాంటిదో చూస్తాను."

ఒక రేగిపండు తెచ్చి లోపల వేసింది.

బుడుంగ్! పండు వాగులో పడింది.

"అది నా గుడ్డయితే, బాబాయ్?"

గిజిగాడు తల దించుకున్నాడు. "అడుగు ఇంకా అల్లలేదమ్మా. కాలేదంటే ఇంకొకరి దగ్గరికి పోతావేమోనని... ఇంకో పూట పని ఉంది."

"పూటే కదా! ఆగుతాను. ఈ మాట ముందే చెప్పకూడదూ?"

ఉడత నార అందించింది. గిజిగాడు తల ఎత్తకుండా అల్లాడు. పొద్దుగూకే వేళకు గువ్వ ఇంకో రేగిపండు వేసి, చెవి ఒగ్గి వింది. చప్పుడు లేదు. అప్పుడు లోపలికి వెళ్లి గుడ్లు పెట్టింది. ఆ వెంటనే వాన కురిసింది. గూడు ఊగింది, గుడ్లు మాత్రం కదల్లేదు.

ఇప్పుడు ఎవరొచ్చి "రెడీనా?" అని అడిగినా గిజిగాడు ఒకటే అంటాడు: "ముందు రేగిపండు వేసి చూడండి."

నీతి: పని అయితేనే అయిందనాలి, కాకపోతే ఎంత మిగిలిందో చెప్పాలి.